అడుగంటిన పాల రుచిపై ఫిర్యాదు

గౌరవనీయురాలైన వినియోగదారు గారికి,

ఉత్తరం అందిన వెంటనే చదవరాదనీ, ముందుగా అది ఏ తరహా ఉత్తరమో తేల్చవలెననీ మా బిస్కెట్ల కర్మాగారం నియమం. మా పాల బిస్కెట్టులో, కాలం చేసిన మీ అమ్మగారు కాచే పాల రుచి అడుగంటిన వాసనతో సహా వచ్చిందని మెచ్చుకున్నారు. మెచ్చుకోళ్ల విభాగం మాకు లేదు. కనుక ఫిర్యాదుగా స్వీకరించి, ఆ రుచిని తొలగించే పని మొదలుపెట్టాము.

ఇట్లు,
ఫిర్యాదుల అధికారి

తా.క. మీ అమ్మగారికి కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము.

*

అధికారిగారికి నమస్కారం.

మీకు పుణ్యముంటుంది, ఆ రుచి తీసెయ్యకండి. అమ్మ పొయ్యి మీద పాలు పెట్టి, వంటింటి కిటికీలోంచి పక్కింటావిడతో గొడవకి దిగేది. గొడవ తేలేలోగా పాలు అడుగంటేవి. అవే తాగి పెరిగాను. అమ్మ పోయాక నేనూ మాడ్చి చూశాను. ఊరికే మాడతాయి, అంతే. నాకు మిగిలింది ఈ బిస్కెట్టే.

ఇట్లు,
మీ వినియోగదారు

తా.క. పక్కింటావిడకీ ఒకటి ఇచ్చాను. కొరికి చూసి, వెళ్లి కిటికీ మూసుకుంది.

*

గౌరవనీయురాలికి,

మీ రెండో ఉత్తరం ఫిర్యాదుపై ఫిర్యాదుగా నమోదైనందున, తొలగింపు వేగవంతం చేశాము. లేబుల్ మీద ఉన్నవి రెండే గడులు: సహజ రుచి, కృత్రిమ రుచి. సహజమైతే పాల నుంచో పండు నుంచో తీసి ఉండాలి. కృత్రిమమైతే మా ప్రయోగశాలలో తయారై ఉండాలి. ఇది రెండూ కాదని మా రుచుల నిపుణుడి నివేదిక. పాల ఎసెన్సు సీసా మూతే తియ్యలేదట. గడి లేని రుచి ఉండరాదు.

ఇట్లు,
ఫిర్యాదుల అధికారి

తా.క. పిండి కలిపే గదిలో ఎవరో పెద్దావిడ కిటికీ దగ్గర నిలబడి పోట్లాడుతున్నారని పనివారు చెబుతున్నారు. కిటికీ అవతల ఉన్నది గోడ. ఆవిడ మా ఉద్యోగి కారు.

*

అయ్యా,

గరిటె ఎడమచేత్తో ఊపుతోందా? అయితే పలకరించకండి. గొడవ ఆగితే పాలు అడుగంటవు. నన్ను ఒక్కసారి రానివ్వండి, దూరం నుంచి చూసి వెళ్లిపోతాను. వద్దంటే ఫిర్యాదు చేస్తాను. మీకు తెలిసిన భాష అదొక్కటే కదా.

ఇట్లు,
ఆవిడ కూతురు

తా.క. పక్కింటావిడ మొన్న పోయింది. కిటికీ మాత్రం తెరిచే ఉంది.

*

గౌరవనీయురాలికి,

మీ తొలి సక్రమమైన ఫిర్యాదుకు కృతజ్ఞతలు. నేనే స్వయంగా తనిఖీకి వెళ్లాను. గరిటె ఎడమచేతిలోనే ఉన్నది. మొన్నటి నుంచి గోడ అవతలి నుంచి జవాబులు కూడా వస్తున్నాయి. కనుక గొడవ ఇప్పట్లో తెగే సూచనలు లేవు.

బయటివారికి ప్రవేశం లేదని మీ అమ్మగారికి విన్నవించాను. "నీ సొద నాకెందుకు నాయనా? అదొస్తే దాని గ్లాసు తెచ్చుకోమను" అని మళ్లీ కిటికీ వైపు తిరిగారు.

లేబుల్ మీద మూడో గడి వేయించాము. మీరు రావచ్చును. గ్లాసు మరువవద్దు.

ఇట్లు,
ఫిర్యాదుల అధికారి

తా.క. బతికి ఉన్నవారైనా, కాలం చేసినవారైనా, గోడలో ఉన్నవారైనా, తలకు టోపీ లేనిదే కలిపే గదిలోకి రారాదు. ఇదే తుది నిబంధన.