కుడి రెక్క గురించి ఊరికే అడిగాను

మామయ్యగారికి, అత్తయ్యగారికి నమస్కారాలు.

ఇక్కడ మేమిద్దరం కులాసా. అక్కడ వదినగారింట్లో మీరూ, వదినగారూ, పసివాడూ కూడా కులాసా అని తలుస్తాను. మా ఇంటికి రంగులు వేయడం అయ్యేదాకా మీ ఇంట్లో ఉండమన్నారు, చాలా సంతోషం. మొక్కలకు రోజూ నీళ్లు పోస్తున్నాను.

ఒక చిన్న సందేహం. హాల్లో షోకేసులో మీరు చేసిన బొమ్మ విమానం ఉంది కదా, దాని రెక్క దేనితో చేశారు? పళ్ల డాక్టర్ని కాబట్టి ఇలాంటి సన్నపని అంటే నాకు ఆసక్తి. ముఖ్యంగా కుడి రెక్క. ఊరికే అడిగాను.

ఇట్లు
మీ చిన్నల్లుడు

తా.క. జిగురు ఆరడానికి ఎంతసేపు పడుతుంది? ఇదీ ఊరికే. మీరు తిరిగి ఎప్పుడొస్తున్నారు? ఇది కూడా ఊరికే.

*

అల్లుడుగారికి ఆశీస్సులు.

మీ ఉత్తరం చదివి నా కళ్లు చెమర్చాయి. హెడ్మాస్టరుగా పనిచేసినవాణ్ని, ప్రశ్న అడిగే మనిషిని చూస్తే నాకు ప్రాణం లేచొస్తుంది. ఆ విమానాన్ని చూసి బాగుందన్నవాళ్లే గానీ, ఎలా చేశారని అడిగిన పాపాన ఒక్కరూ పోలేదు.

కాబట్టి శ్రద్ధగా చదవండి. విమానం గాలిలో ఎగురుతుంది. గాలి కంటికి కనపడదు, అయినా ఉంటుంది. పక్షికి కూడా ఇదే సూత్రం. విమానానికి రెక్క చాలా అవసరం. రెండుంటే మరీ మంచిది. ఈ విషయం మీద ఇంకా ఎంతైనా చెప్పగలను గానీ కాగితం చాలదు.

ఇట్లు
మీ మామయ్య

తా.క. చెక్క పేరు బాల్సా. దూదంత తేలిక, బ్లేడుతో కోసుకోవచ్చు. సన్నని పుల్లలతో చట్రం కట్టి, పైన పలుచటి టిష్యూ కాగితం అంటించి నీళ్లు చిలకరిస్తే, ఆరుతూ అదే బిగుసుకుంటుంది. జిగురుకి ఒక రాత్రి వదిలెయ్యాలి. మీ అత్తయ్య కాఫీ పట్టుకొచ్చేసరికి ఇదంతా చప్పున గుర్తొచ్చింది.

*

మామయ్యగారికి నమస్కారాలు.

మీ ఉత్తరం మా పేషెంటు ఒకాయనకి చదివి వినిపించాను. ఆయన ఇంట్లోనూ ఇలాంటి విమానమే ఉందట. పాపం, దుమ్ము దులుపుదామని స్టూలెక్కి పై అరలోంచి దాన్ని దించాడట. నెత్తిమీద ఫ్యాను తిరుగుతున్న సంగతి మరిచిపోయాడు. కుడి రెక్క విరిగింది.

విరిగిన సందులో పళ్లు నింపే సిమెంటు పెట్టాడు. (నేనే ఇచ్చాను.) రాయిలా గట్టిపడింది. ఇప్పుడా విమానం కుడివైపు ఒరిగి, పంటి నొప్పి వచ్చిన మనిషిలా కూర్చుంటోంది. ఎడమ రెక్కకి కూడా అంతే సిమెంటు పెడితే సరిపోతుందా?

ఇట్లు
మీ చిన్నల్లుడు

తా.క. అసలు ఆ విమానం పేషెంటుది కాదట, వాళ్ల మామగారిదట. ఆయనకి నిజం చెప్పేయమంటారా?

*

అల్లుడుగారికి ఆశీస్సులు.

నాకు శిష్యులు తయారవుతున్నారని మా బొమ్మ విమానాల క్లబ్బు సెక్రటరీకి రాశాను. రాయకుండా ఉండాల్సింది. ఆయన పొంగిపోయి, ఈసారి వార్షిక ప్రదర్శనలో నేను స్టేజీ మీద నా విమానం కుడి రెక్క విప్పి, అందరి కళ్లముందూ కొత్త రెక్క చేసి బిగిస్తానని కరపత్రాలు అచ్చేయించాడు. నన్ను మాటవరసకైనా అడగలేదు. నేను చిరునవ్వుతో ఒప్పుకున్నానని కూడా అందులో ఉంది.

ఇక మీ పేషెంటు సంగతి. ఆ సిమెంటు ఆలోచన ఎవరిదో గానీ, అతని బుర్రలోనూ అదే నింపి ఉంటారు.

ఇట్లు
మీ మామయ్య

తా.క. రెక్క మొత్తం తీసేసి కొత్తది చెయ్యాలి. బాగున్న రెక్కని కాగితం మీద పెట్టి చుట్టూ గీత గీసుకుని, ఆ కాగితం తిరగేస్తే రెండో రెక్కకి నమూనా అదే. మీ అత్తయ్య పక్కన కూర్చుని బట్టలు మడతపెడుతోంది. మనసు ప్రశాంతంగా ఉంటే నాకు అన్నీ గుర్తొస్తాయి.

ఇంకో తా.క. మామగారికి నిజం చెప్పేయమనండి. పెద్దమనసున్నవాడైతే క్షమిస్తాడు. నేనైతే క్షమించను.

*

మామయ్యగారికి నమస్కారాలు.

మన గేటుకి కూడా కరపత్రం అంటించి వెళ్లారు. మీ కాళ్లు పట్టుకుంటాను, ఆ ప్రదర్శన మానుకోండి. ఆ రెక్క నలుగురిలో విప్పకూడదు. విప్పితే అసలు సంగతి బయటపడుతుంది. ఇన్నాళ్ల పరువూ గంగలో కలుస్తుంది. కొన్ని షోకేసులో ఉన్నంతకాలమే అందం. ఇంతకన్నా విడమరిచి రాయలేను. మీరు అర్థం చేసుకోగలరు.

ఇట్లు
మీ చిన్నల్లుడు

తా.క. పేషెంటు నాలుగో రెక్క చేస్తున్నాడు. కాగితం ముడతలు పడుతోందని తిండి మానేశాడు. క్లినిక్కులో మిగతా పేషెంట్లు నోరు తెరుచుకుని ఎదురుచూస్తున్నారు.

*

అల్లుడుగారికి,

చదివి చింపేయండి.

మీరు విడమరిచి రాయకపోయినా నాకు అంతా అర్థమైంది. మొదటి ఉత్తరంలో కుడి రెక్క గురించి గుచ్చి గుచ్చి అడిగినప్పుడే పసిగట్టాల్సింది. ఇంక మన మధ్య దాపరికం ఎందుకు? ఈ మాట మూడో మనిషి చెవిన పడకూడదు. ఈ వయసులో నవ్వులపాలు కాలేను. ప్రదర్శన రోజుకి నాకు భరించలేని పంటి నొప్పి వస్తుంది. సర్టిఫికెట్టు మీరే రాసివ్వాలి.

ఇట్లు
మామయ్య

తా.క. పై దవడా, కింది దవడా అన్నది మీ ఇష్టం.

*

మామయ్యగారికి,

అంతా అర్థమైందన్నారు కాబట్టి ఒప్పుకుంటున్నాను. పేషెంటూ లేడు, ఎవరూ లేరు. స్టూలెక్కింది నేను. ఫ్యానుకి తగిలింది మీ విమానం.

పెళ్లయిన దగ్గర్నుంచీ మీ ముందు కూర్చోవాలంటే పాఠం అప్పజెప్పలేని పిల్లాడిలా ఉండేది నాకు. ఈ ఉత్తరాలు మొదలయ్యాకే మీరు నాతో మనసు విప్పి మాట్లాడారు. అది పోతుందేమోనని భయపడ్డాను. క్షమించనన్నారు, తెలుసు. అయినా అడుగుతున్నాను.

మీ అల్లుడు

తా.క. సర్టిఫికెట్టు జతపరిచాను. కింది దవడ.

*

అల్లుడుగారికి మీ అత్తయ్య దీవెనలు.

మీ ఉత్తరం చదివి మీ మామయ్య గబుక్కున లేచారు. విమానం విరిగినందుకు మండిపడాలో, తన గుట్టు మీకు తెలియనందుకు సంతోషించాలో తేలక మళ్లీ కూర్చున్నారు. ఏమిటా గుట్టు అని ఉత్తరాలన్నీ లాక్కుని చదివాను. రెండు రోజులు నవ్వాను.

ఆ విమానం చేసింది నేను. మా నాన్నకి బొమ్మల కొట్టుండేది, అక్కడ నేర్చుకున్నాను. పెళ్లయిన కొత్తలో ఎవరో చుట్టం దాన్ని చూసి "మీరే చేశారా?" అని ఈయన్ని అడిగాడు. ఈయన తల ఊపారు. ఊపిన తల ఇంతవరకూ ఆపలేదు. క్లబ్బువాళ్లు వచ్చి సభ్యుణ్ని చేసుకున్నారు, పతకం ఇచ్చారు. నేను అందరికీ కాఫీలిచ్చాను. కోపం రాలేదని చెప్పను. వచ్చింది, చాలా ఏళ్లుంది. తర్వాత అలవాటైపోయింది, అది ఇంకా చెడ్డది.

మీ మొదటి ఉత్తరం వచ్చిన రోజు ఈయన వంటింటి గుమ్మంలో నిలబడి "రెక్క దేనితో చేస్తారోయ్, ఊరికే అడుగుతున్నా" అన్నారు. ఇన్నేళ్లకి ఒకరు అడిగారు కదా అని నాకు ఆ పూటంతా ఎంత హాయిగా ఉందో చెప్పలేను. మీరు అబద్ధమాడారు, ఆయనా అబద్ధమాడారు, మధ్యలో నేను మాత్రం నిజాలన్నీ చెప్పాను.

సెక్రటరీకి రాసేశాను. స్టేజీ నేనెక్కుతాను. ఈయన జిగురు సీసా పట్టుకుంటారు, మూత తియ్యడం నేర్పుతున్నాను. మీరు పుల్లలు కోసివ్వాలి. బ్లేడు పట్టడం ఎలాగూ వచ్చు. భయం లేకుండా రండి. పొద్దుటినుంచీ ఈయన "అల్లుడికి ఏం జవాబు రాయను?" అంటూ గదంతా తిరుగుతున్నారు. ఆయనకీ మీలాంటి భయమే.

ఇట్లు
మీ అత్తయ్య

తా.క. బాగున్న రెక్కని నలుగురి ముందూ విప్పి పారెయ్యాలంటే నాకు చేతులాడేవి కావు. మీరు ముందే విరగ్గొట్టి మంచి పని చేశారు. ఈ మాట మీ మామయ్యతో అనకండి. ఎంతైనా అది తన విమానం కాబట్టి, మీమీద ఇంకో రెండు పూటలు కోపంగా ఉంటానంటున్నారు.