బిషప్ గారిని పట్టిన ఈగ

లింకోంబ్, మే నెల

ఒరేయ్ ఆంబ్రోస్,

కాలు విరగ్గొట్టుకుని మంచమెక్కావని విని బాధపడ్డాను. వాగు మాత్రం ఏ బాధా లేకుండా పారుతోంది. అడవిలో ఆల్డర్ చెట్టు వేళ్ల కింద, నువ్వు ఏళ్ల తరబడి కన్నేసిన ఆ ముసలి ట్రౌట్ చేప, మనం బిషప్ గారని పిలుచుకునేది, బుధవారం గాలానికి చిక్కారు. మన చేపల క్లబ్బు నియమం ప్రకారం కొలిచి, మర్యాదగా మళ్లీ నీళ్లలోకి సాగనంపడం కూడా అయింది.

నీ మేలు కోరే,
క్లెమెంట్

తా.క. కళ్లారా చూశాను. నీకు చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు.

టాడ్‌వెల్

ఒరేయ్ దొంగా,

నీ ఉత్తరంతో కాలి నొప్పి పోయి కడుపుమంట పట్టుకుంది. ఇన్ని వేసవులు మోకాలి లోతు చన్నీళ్లలో నేను వణికితే, బిషప్ గారిని నువ్వు ఎగరేసుకుపోతావా? గాలానికి ఎరగా ఏ ఈకతో కట్టావురా ఆ ఉత్తుత్తి ఈగని? చెబితే మా ఆవిడ విన్నీకి కూడా చెప్పను. పాపం, తను బుధవారాలు చర్చిలో పూలు సర్దడానికెళ్లి అలిసిపోయి వస్తోంది.

కుళ్లిపోతూ,
ఆంబ్రోస్

తా.క. బూట్ల నిండా బురదతో వస్తోంది. ఏం పూలో అవి!

లింకోంబ్

ఆంబ్రోస్,

ఎర ఈగ ఏదని అడగడం మన వాగు ఒడ్డున మర్యాద కాదు. ఆడవాళ్ల వయసైనా అడగొచ్చు గానీ అదడక్కూడదు. అన్నట్టు, బిషప్ గారు మళ్లీ చిక్కారు.

నీ క్లెమెంట్

తా.క. విన్నీ చేసిన అల్లం కేకు అమోఘం.

టాడ్‌వెల్

మిస్టర్ క్లెమెంట్ రడ్జ్ గారికి,

కేకా! నాకే పుట్టినరోజుకి తప్ప దొరకదు! చర్చిలో విన్నీ మొహమే చూడలేదని పాస్టర్ గారు చెప్పారు. నా డబ్బాలో నెమలి ఈకలు మాయం. నా పెళ్లాం చేత నా ఈకలు తెప్పించుకుని నా చేపని పడతావా? గుండె రాయి చేసుకున్నాను. నిజం రాయి.

ఒకప్పటి స్నేహితుడు,
ఆంబ్రోస్ పెల్

తా.క. ముందు ఈగ సంగతి చెప్పు. విన్నీ సంగతి తర్వాత చూద్దాం.

లింకోంబ్

ఒరేయ్ వెర్రివాడా,

బిషప్ గారిని నేను పట్టానని ఎక్కడ రాశానురా? రెండుసార్లూ పట్టింది విన్నీ. ఇన్నేళ్లూ ఆవిడ చేత శాండ్‌విచ్‌లు మోయించావు గానీ గాలం ముట్టనిచ్చావా? పైగా, "ఆడవాళ్ల నీడ పడితే ట్రౌట్ బెదురుతుంది" అన్నావట! నువ్వు మంచం పట్టగానే నీ గాలం పట్టుకుని వచ్చింది. సాక్షి లేని చేపని క్లబ్బు ఒప్పుకోదు కాబట్టి నేను సాక్షిని. నీకు చెప్పకుండా ఉండటానికి లంచం ఆ కేకు. నీ అనుమానం చదివాక ఇక దాచలేకపోయాను.

నా గోడు ఎవరికి చెప్పుకోను? ఆవిడ పక్కనే నిలబడి గాలం వేస్తున్నా నాకు ఒక్క చేపా పడలేదు. కుళ్లుతో చస్తున్నాను. ఏ ఈగ తల్లీ అని బతిమాలితే, "అది అడక్కూడదు కదా, క్లెమెంట్" అని నవ్వుతుంది.

నీలాగే ఏడుస్తూ,
క్లెమెంట్

తా.క. నువ్వు మొగుడివి కదా. మెల్లిగా అడిగి నాకు రాయి.