టెంపరరీ అన్న మాట

నాయనా సుబ్బూ,

నిన్న నీ ఏడాది తిథి పెట్టాము. ఈ పొద్దు నీ చెల్లెలు కమల, బెంగుళూరు బయట నువ్వు పనిచేసిన సర్కారు ఫ్యాక్టరీ ప్రాజెక్టు ఆఫీసులోనే చేరింది.

సిమెంటు, ఇనుము ఎప్పుడొస్తాయో చూసి ఇంజనీర్లకు చెప్పే పని నీది. "టెంపరరీ అంటే భయం వద్దమ్మా, ఫ్యాక్టరీ లేస్తే అందరమూ పర్మనెంటే" అన్నావు. ఇనుము లెక్క చూసేదానికి దిగితే, ఆ ఫ్యాక్టరీ పునాది గుంటలోనే మట్టి కూలి నీ మీద పడింది. టెంపరరీ వాడని ఆఫీసు నుంచి ఒక్కరూ మన గడప తొక్కలేదు.

"ఆ మట్టి నువ్వూ తొక్కేది వద్దు" అని కమల మీద అరిచాను.

"అన్న పేరు ఎత్తేవాళ్ళు ఆడ ఒకరైనా ఉండాలి కదమ్మా" అంటూ చెప్పులు వేసుకుని పోయింది.

"ఇదూ టెంపరరీ పోస్టేనమ్మా, గుర్తుండనీ" అన్నాడట ఆఫీసరు.

"మా అన్నదీ అంతే కదా సార్. పోవడం మాత్రం పర్మనెంటుగా పోయినాడు" అందట ఇది.

ఆయన తల దించుకున్నాడట. దించుకుంటే నాకేం వచ్చింది? రేపు నేనూ దానితో పోతాను. నా బిడ్డను ఏ గుంట దగ్గరికీ పంపనని ఆయన నోటితో చెప్పేదాకా ఆ ఆఫీసు వాకిట్లోంచి లేవను.

మీ అమ్మ