ఎర్రంచు గుడ్డ కోసం ఒక గోలు

అక్క కాళ్లకు తమ్ముడు ఓబులేసు మొక్కి, ఎవరిచేతా రాయించకుండా సొంత చేత్తో రాస్తున్నది.

ఇక్కడ నేను బాగున్నాను. నువ్వూ, పిల్లలూ, అమ్మ మోకాళ్లూ, మనుషుల్ని పొడిచే ఆ ఎనుమూ ఎలా ఉన్నారో రాయి. క్యాసెట్లో మాట్లాడి పంపమన్నావు. క్యాసెట్టు కొన్నాను, బటన్ కూడా నొక్కాను. "అక్కా" అన్నాక రీలు తిరుగుతూనే ఉంది, నా నాలుక తిరగలేదు. ఓబులేసుకు మాట పడిపోయిందని ఊళ్లో చెప్పకు, పండగ చేసుకుంటారు. అందుకే ఈ కాగితం.

ఈ అరబ్బు దేశంలో ఎండ తగ్గింది గానీ ఉక్క పోలేదు. ఉతికిన చొక్కా తొడుక్కున్నా ఎవరో విడిచిన తడి చొక్కాలా ఉంటుంది. నజ్మా పేటలో మునుపటి గదిలోనే ఉన్నాను. వంట నా వంతు వచ్చిన రోజు గదిలోవాళ్లు బయట తినేసి వస్తారు. నేను మాత్రం బాగానే తింటున్నాను, దిగులు పడకు.

బావ పోయాక పంపిన సామాన్ల పెట్టెలో అన్నీ వచ్చాయి గానీ, ఊరగాయ సీసాకు చుట్టి పంపిన నీ ఎర్రంచు చీర ముక్క రాలేదని రాశావు. అది దొరికిందక్కా. బావ ముసుగులో ఉంది.

ఓల్డ్ ఎయిర్‌పోర్టు పేటలో నేను డ్రైవరుగా చేస్తున్న, బావ తోటమాలిగా చేసిన ఇళ్ల కాంపౌండు ఉంది కదా, అక్కడుండే కెనడా ఇంజినీర్లు వాళ్ల దేశంలో మంచుగడ్డ మీద హాకీ ఆడతారట. ఇక్కడ మంచు ఫ్రిజ్జులో తప్ప లేదు. అందుకని శుక్రవారం సాయంత్రాలు సిమెంటు గచ్చు మీద రబ్బరు బంతితో ఆడతారు. గోలు ముందు నిలబడేవాడు లేక బావను నిలబెట్టారు. మన బావ ఒళ్లు తెలుసుగా, తలుపు వెయ్యాల్సిన పని లేదు. మొహానికి ఇనుపకమ్మీల ముసుగు. గడ్డం ఒరుసుకుపోతోందని నీ చీర ముక్క మడిచి లోపల కుట్టుకున్నాడు.

మనిషి తక్కువైతే నేనూ కర్ర పట్టేవాణ్ణి. బావ మీద ఒక్క గోలూ వెయ్యలేకపోయాను. గోలు లోంచి అరిచేవాడు: "రేయ్ బామ్మర్దీ, అది కట్టెనా, మీ యక్క పొరకనా? కొట్రా సూద్దాం!" వినీ వినీ కాంపౌండంతా అదే నా పేరనుకుంది. పెద్ద సాబు, అతని పెళ్లాం, వాచ్‌మన్, అందరూ "గుడ్ మార్నింగ్ బామ్మర్దీ" అనేవాళ్లే. కెనడా దేశానికంతా బామ్మర్దినయ్యాను.

ఇప్పుడు ఆ ముసుగు పెరీరా అనే లంక ఎలక్ట్రీషియన్ పెట్టుకుంటున్నాడు. లోపలి గుడ్డ మా అక్కది, ఇవ్వండి అని పెద్ద సాబును అడిగాను. నవ్వాడు. అతని తప్పేం లేదు. ఒకసారి ఆటలో ఉడికిన ఆలుగడ్డకు రంగు పూసి బంతని పెట్టిన నాలాంటివాడి మాట ఎవరు నమ్ముతారు? "బామ్మర్దీ, గోలు వెయ్యి, ముసుగు నీదే" అన్నాడు.

దొంగిలించొచ్చు కదరా అంటావు. స్టోరు రూములో ముసుగు దాకా చెయ్యి చాచాను. ఆ చీకట్లో కమ్మీల వెనక ఎవరో ఊపిరి బిగబట్టి ఉన్నట్టనిపించింది. చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

పెరీరా నిలబడే ముందు కర్రతో రెండు స్తంభాలనూ టక్ టక్ మని కొడతాడు. బావ పొలం నుంచి వచ్చి గడప దాటే ముందు ద్వారబంధాన్ని తట్టేవాడు చూడు, అట్లాగే. గోలు కాసే కీపర్లందరూ అలాగే కొడతారని సాబు అన్నాడు. అయినా ఆ ముసుగు వెనక మొహం కనపడదు కదా. పైగా "యల్లా బామ్మర్దీ, మారో!" అని, బావ కొట్రా అన్నట్టే, అరుస్తాడు. నేను కొట్టిన బంతి నేరుగా పోయి ఆ ముసుగుకే తగిలేది.

చూసీ చూసీ సాబు నన్ను పక్కకు పిలిచి, వచ్చిన హిందీలో చెప్పాడు: "కర్ర అంత వెనక్కి ఎత్తితే, కొడుతున్నానని కీపరుకు జాబు రాసినట్టే. బంతిని కర్రకు ఆనించుకునే ఉండి, మణికట్టుతో విసురు. అతను కదిలేటప్పుడు కొట్టు, కుదురుకున్నాక కాదు. నువ్వు అతన్నే చూస్తున్నావు బామ్మర్దీ, అందుకే అతనికే తగులుతోంది. అతను లేని చోటు చూడు."

అతను ఆట కోసమే అన్నాడక్కా. బావ లేని చోటు నేను వెతుక్కోవాలా? గదిలో నా పక్క మంచమే అలాంటి చోటు. అతని టవలు తగిలించే మేకూ అలాంటిదే. అయినా డ్యూటీ అయ్యాక స్టోరు గోడ మీద సుద్దముక్కతో గోలు గీసి, మూలలకు కొట్టడం నేర్చుకున్నాను.

మొన్న శుక్రవారం, లైట్లు వెలిగే వేళ, బంతి నా కర్రకు వచ్చింది. "యల్లా బామ్మర్దీ!" అమ్మ మీదొట్టు, అది బావ గొంతే. ఈసారి ముసుగును చూడలేదు. కుడివైపు కొట్టేవాడిలా ఒరిగాను. అతను అటు కదిలాడు. ఎడమ భుజం మీద పళ్లెమంత ఖాళీ కనిపించింది. విసిరాను. వెనక వల ఊగింది.

అందరూ చప్పట్లు కొట్టారు. నేను బావ తిట్టు కోసం నిలబడ్డాను. ముసుగు తీశాడు. చెమటలు కారుతున్న పెరీరా. ఒట్టి పెరీరా. బావ శవప్పెట్టెను విమానం ఎక్కించినవాణ్ణి నేనే అయినా, నాకు బావ పోయింది అప్పుడేనక్కా.

మాట ప్రకారం పెరీరా ముసుగు నా చేతిలో పెట్టి, "భాయ్, బామ్మర్దీ నీ అసలు పేరేనా?" అన్నాడు. అవునన్నాను.

కుట్లు విప్పబోయాను, చేతకాలేదు. ముసుగుతో సహా లీవుకు వస్తున్న మస్తాన్‌కిచ్చి పంపుతున్నాను. ఇది నా వేళాకోళం కాదు, నమ్ము. గుడ్డ ఉతకొద్దు, అందులో బావ చెమట ఉంది. వాకిలికి ఎదురుగా మాత్రం తగిలించకు. నీవైపే చూస్తున్నట్టుంటే కాస్త పక్కకు చూడు, నాకు అట్లాగే కుదిరింది. మస్తాన్ తిరిగి వచ్చేటప్పుడు ఊరగాయ పంపు. సీసాకు చీర ముక్క చుట్టొద్దు, పాత పేపరు చాలు.

అమ్మకూ పెదనాయనకూ నా దండాలు చెప్పు, పిల్లల నెత్తిన నా బదులు ఒక్కొక్క మొట్టికాయ వెయ్యి. నీ దీవెన ఉంటే నాకేం కాదు. జవాబు రాసేటప్పుడు కవరు మీద ఓబులేసు అని రాయకు, ఆ పేరుగలవాణ్ణి ఇక్కడ ఎవరూ ఎరగరు.

ఇట్లు,
బామ్మర్ది