రెండో సాక్ష్యం

31 జనవరి 2008, విశాఖపట్నం

మా కవిటిలో ఎవరి కాళ్ళు వాచినా ఉద్దానం కిడ్నీ జబ్బే అంటారు. నాకూ ఏడాదిపాటు అదే అన్నారు. నాది వేరట. ఒంట్లోని రక్షణశక్తే నా రక్తనాళాలను వాయగొడుతోందట. వాస్కులైటిస్. కిడ్నీలకు పాకింది కూడా అదేనట.

ఈరోజు మొదటి డోసు సెలైన్‌లో ఎక్కించారు. ఫారిన్ మందు కాదు, దానికి దీటుగా మన దేశంలో తయారైనది. బయోసిమిలర్ అన్నారు డాక్టర్ జగదీశ్వరరావు గారు. పదం బాగుంది. మధ్యలో చలి పుట్టింది. చుక్కలు తగ్గిస్తే పోయింది. రెండో డోసు రెండు వారాలకు.

3 ఫిబ్రవరి, ఆదివారం, కవిటి

కాళ్ళ వాపు తీసింది. అమ్మ చర్చిలో లేచి సాక్ష్యం చెప్పింది. "దేవుడు నా ఇవాంజెలిన్ని ముట్టినాడు. జబ్బు పోయింది." అందరూ స్తోత్రం అన్నారు. తిమోతి పాస్టరు గారు నన్ను నిలబెట్టారు. నేను నా పాదాలు చూసుకుంటూ నిలబడ్డాను.

అమ్మ కానుకగా ఇచ్చిన కొబ్బరి గెలను బంగారయ్య మావయ్య వేలంలో పాడాడు. ఆయనది నిజంగా ఉద్దానం కిడ్నీయే. ఆ జబ్బుకు కొబ్బరి నీళ్ళు తాగకూడదు. తనకూ ఇలాగే పోతుందా అని నన్ను అడిగాడు.

9 ఫిబ్రవరి

జ్వరం. కీళ్ళు మడవలేను. చేతుల నిండా ఎర్రటి దద్దుర్లు.

10 ఫిబ్రవరి, ఆదివారం

పొడుగు చేతుల చుడీదార్ వేసుకుని చర్చికి వెళ్ళాను. అమ్మ దద్దుర్లు చూసి చెమటకాయలంది. ఇంత చలిలోనా అని నేను అనలేదు.

సాక్ష్యం చెప్పిన వారానికే అమ్మను అబద్ధికురాలిని ఎలా చెయ్యను? రెండో డోసు తీసుకుంటే ఇంతకంటే ఏమవుతుందో. మానేస్తే కిడ్నీలు ఏమవుతాయో.

14 ఫిబ్రవరి, రైల్లో

పొద్దున ఆసుపత్రిలో సెలైన్ పెట్టబోతూ నర్సు, ఈమధ్య ఏమైనా ఇబ్బంది వచ్చిందా అని అడిగింది.

"ఏటీ నేదమ్మా, బాగుంది," అంది అమ్మ.

అప్పుడే వచ్చిన డాక్టర్ గారికి నేను ఇంగ్లీషులో చెప్పేశాను. ఫీవర్, రాష్, జాయింట్స్, అన్నీ. అమ్మకు ఇంగ్లీషు రాదు. అందుకే చెప్పగలిగాను.

ఆయన నా చేతులు చూసి సెలైన్ పెట్టొద్దన్నారు. మందు మీద ఒళ్ళు తిరగబడిందట. ఫారిన్ దానితోనూ ఇలా వస్తుందట. ఇక ఇది వద్దు, ముందు ఈ రియాక్షన్ తగ్గాలి, తర్వాత వేరే మందు చూద్దాం అన్నారు. మందు కంపెనీకి రాస్తానన్నారు. తర్వాత, ఇదంతా మీ అమ్మకు తెలుగులో చెప్పు అన్నారు.

చెప్పాను.

రైలు నౌపడ ఉప్పుమడులు దాటుతుంటే అమ్మ అంది:

"నాకు తెల్దేటే? సూసినాను. సెప్తే దేవుడు సిన్నబోతాడనుకున్నాను."

17 ఫిబ్రవరి, ఆదివారం

అమ్మ మళ్ళీ లేచింది. "తొందరపడి సెప్పీసినాను. పిల్లకింకా తగ్గనేదు. పార్తన సెయ్యండి."

ఎవరూ స్తోత్రం అనలేదు. వెనక నుంచి బంగారయ్య మావయ్య ఒక్కడే అన్నాడు.

ఈరోజు నేను వేసుకున్నది పొట్టి చేతుల చుడీదార్.