ఆటలో నాన్న

జూన్ 4
ఎడమ చేత్తో రాస్తున్నాను. కోడి గెలికినట్టుంది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి, మాట ముద్దముద్దగా వస్తోంది. ఫిజియోథెరపీ ఆయన ఉన్న చేతికైనా పని చెప్పమన్నాడు. అందుకే ఈ డైరీ. ఎవరూ చదవరు, హాయి.

జూన్ 7
మా అమ్మాయి తెగిపోయిన రబ్బరు చెప్పు పట్టుకొచ్చి బండి చేసిపెట్టమంది. ఏడేళ్లది. ఒకచోట నిలవదని తూనీగ అని పేరుపెట్టాను. చెప్పులోంచి నాలుగు చక్రాలు గుండ్రంగా కోసి, పుల్లలు గుచ్చి, పైన డబ్బా బిగిస్తే బండి. ట్రాక్టర్ తోలి ఇంటికొచ్చాక, టీ చల్లారేలోపు చేసి పారేసేవాణ్ణి. చేస్తానని తలూపాను. ఎందుకూపానో!

జూన్ 8, మధ్యాహ్నం
బ్లేడు పట్టుకున్నాను. చెప్పు నొక్కిపట్టడానికి రెండో చెయ్యేదీ? గడ్డంతో అదిమాను. జారి కిందపడింది. తూనీగ తీసిచ్చింది. మళ్లీ పడింది, మళ్లీ ఇచ్చింది. ఆ తర్వాత పడితే ఇవ్వలేదు, తీసుకుని బయటికి వెళ్లిపోయింది.
ఏడుపొచ్చింది. ఈ జబ్బొచ్చాక ఏడుపు కూడా మూతికి ఒక పక్కే వస్తోంది.

జూన్ 9
బండి పక్కింటి కుర్రాడు చేసిచ్చాడు. చక్రాలు కోడిగుడ్లలా ఉన్నాయి. అయినా నడుస్తోంది, వెధవది.

జూన్ 15
మంచం గుమ్మం వైపు జరిపించుకున్నాను. వాకిట్లో పిల్లలు అమ్మానాన్నా ఆట ఆడుతున్నారు. పెంకు ముక్కలే గిన్నెలు, తడిమట్టే అన్నం. నాన్న వేషం నాకంటే నాకని కొట్టుకుచస్తున్నారు. నాకు భలే గర్వమేసింది. ఎందుకో తర్వాత అర్థమైంది. నాన్న గోనెసంచి మీద పడుకుంటే చాలట, అన్నీ నోటికే అందిస్తారట. తూనీగ రూలు పెట్టింది: కుడి చెయ్యి కదిపితే అవుట్.
మా ఆవిడ కుట్టుమిషను ఆపి వాళ్లను కేకలెయ్యబోయింది. వద్దని సైగ చేశాను.

జూన్ 16
ఇవాళ్టి నాన్న పక్కింటి కుర్రాడు. ముక్కు దురదపెట్టి గోక్కున్నాడు. అవుట్. నాకూ నవ్వొచ్చింది.

జూన్ 19
ఆట మారింది. తూనీగ డాక్టరమ్మ అయింది. సీసా మూతకు దారం కట్టి మెళ్లో వేసుకుంది. ఆ మూత నాన్న చేతికి ఆనించి మూడు అంకెలు లెక్కపెడుతుంది. అంతే, నాన్న లేచి డాక్టరమ్మను వీపున ఎక్కించుకుని పరుగెత్తాలి. కుర్రాడు లేస్తున్నాడు, పరుగెడుతున్నాడు. ఎన్నిసార్లు ఆనించినా లేస్తున్నాడు. వాకిలంతా దుమ్ము.
చూడలేక గోడవైపు తిరిగాను.

జూన్ 21, సాయంత్రం
ఇందాక తూనీగ ఒక్కతే లోపలికొచ్చింది. మూత నా కుడి చేతికి ఆనించింది. మూడు లెక్కపెట్టి ఆగింది. వెళ్లి మూత కడుక్కొచ్చి మళ్లీ ఆనించింది. ఈసారి పది దాకా, నెమ్మదిగా. నా శక్తంతా కూడగట్టాను. చెమటలు పోశాయి. చిటికెన వేలైనా కదల్లేదు. చెబుదామంటే నోట్లో మాట తిరగలేదు. అది నా మొహం చూడనేలేదు, చేతినే చూస్తూ నిలబడింది.

జూన్ 22
నాన్నకు ఆట రాదని వాళ్లమ్మతో చెప్పిందట.