క్యాంపు దాటిన గీత

రాయచూరు జిల్లా, పోతనాళ దగ్గరి క్యాంపు నుంచి

అన్నయ్యకు, వదినకు చెల్లెలు సరస్వతి నమస్కారాలు. మేమందరం బాగున్నాం. వదిన మోకాలి నొప్పి తగ్గిందా? ఇక్కడ ఎండలు మండిపోతున్నా కాలవ నిండుగా పారుతోంది. జొన్నరొట్టె చెయ్యడం నాకూ వచ్చేసింది. ఎవరైనా ఇటు వస్తుంటే గోంగూర విత్తనాలు పంపించు.

నేను ఇళ్ళమ్మట తిరుగుతున్నానని, మందలించమని అత్తయ్యగారు నీకు కబురు చేశారట. ముందు ఈ సంగతి విను.

క్యాంపులో అందరం కాలవ కింద పొలాలు చేసుకోవడానికి వచ్చిన మనవైపు వాళ్ళమే. ఎవరు ఎవరింటికి వెళ్తారో గమనించడం నాకు సరదా. ఒకే ఊరివాళ్ళు ఒకచోట చేరతారనుకున్నాను. కాదు, ఎదురెదురు గుమ్మాలవాళ్ళే కలుస్తున్నారు! ఓ రోజు దొడ్డిగోడ మీద బొగ్గుతో ఇంటికో చుక్క పెట్టి, రాకపోకలకు గీతలు గీశాను. గీతలన్నీ క్యాంపులోనే తిరిగాయి. పక్కనున్న పాతూరికి పోయే గీత నాదొక్కటే. అక్కడి తాయమ్మ దగ్గరే రొట్టె నేర్చుకున్నాను. ఆవిడది రాయచూరు తెలుగు. కిందటేడు మా నాట్లకు ఆడవాళ్ళను వెంటబెట్టుకొచ్చింది ఆవిడే.

అత్తయ్యగారు కోప్పడ్డాక వెళ్ళడం మానేశాను. ఈలోగా నాట్లు వచ్చాయి. మావారు పాతూరు వెళ్ళి కూలీలను పిలిస్తే వాళ్ళు చూద్దామన్నారు కానీ ఒక్కరూ రాలేదు. క్యాంపులో ఒకరినొకరం అడిగితే కొత్త కబురు ఎక్కణ్ణుంచి వస్తుంది? నారు ముదిరిపోతోంది. ఈ పంట పోతే పొలం వదిలి వెనక్కి రావలసిందే. ఆయనకు అన్నం సహించలేదు.

చివరికి అత్తయ్యగారే, "ఆ తాయమ్మ ఇల్లు చూపించు" అని నాతో బయల్దేరారు.

"ఏందమ్మా, మా ఇంటి తొవ్వనే మరిచితివి?" అంది తాయమ్మ. "పక్క క్యాంపోళ్ళు పిలిస్తే పోతున్నం. మీ క్యాంపుల నువ్వు తప్ప మాకెవరెరుక?"

"మావారు వచ్చి పిలిచారుగా?"

"ఎవరో మొగాయన వచ్చిండన్నరు. మీ ఇంటాయనే అని ఎట్ల తెలుస్తది? రేపు మీకే వస్తం తియ్." తర్వాత అత్తయ్యగారిని చూసి, "ఈ పెద్దామె ఎవరు?" అని అడిగింది.

అన్నట్టే వచ్చారు. ముదిరిన నారు కొంత పారేశాం కానీ చేను మొత్తం నాటేశాం. దిగులుపడకు.

 ఆ రోజు ఇంటికొచ్చాక అత్తయ్యగారు, "ఇన్నేళ్ళయింది ఇక్కడికొచ్చి. నేనెవరో ఆ ఊళ్ళో ఒక్కళ్ళకీ తెలీదటే" అన్నారు.  నాకు ఆవిడ మీదున్న కోపం పోయి జాలేసింది. ఇప్పుడు సాయంత్రమయ్యేసరికి పాతూరు వెళ్దామని నాకంటే ముందే తల దువ్వుకుని గుమ్మంలో నిలబడుతున్నారు.

పెద్దలందరికీ మా నమస్కారాలు చెప్పు. మందలించాలనే ఉంటే అత్తాకోడళ్ళిద్దరినీ కలిపి మందలించు.

మీ దీవెనలు కోరుకునే
సరస్వతి